ఖర్చు లేకుండా పిల్లలకు సెలవు రోజు సరదా: మీ ఇంట్లో ఏమి చేస్తారు?

ప్రశ్న:
ఈ మధ్యే మా ఇంట్లో వచ్చే రెండు జీతాల్లో ఒకటి ఆగిపోయింది. పొదుపు సంగతి మేం చూసుకుంటున్నాం, దానికి సలహా అక్కర్లేదు. నా బెంగంతా పిల్లల గురించే. అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఆరు. ఇదివరకు సెలవు వస్తే సినిమాకో, ఆటల పార్కుకో తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు అమ్మాయి ఏమీ అడగడం లేదు. అలా అడగకుండా ఊరుకోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి చేసేవి, పిల్లలు ముందునుంచీ ఎదురుచూసేవి ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు:
గ్రంథాలయంలో పిల్లలిద్దరికీ వేరువేరు కార్డులు తీయండి. ఏ పుస్తకం తెచ్చుకోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి, మీరు కల్పించుకోకండి. ఇంట్లో అయితే లిబ్రివాక్స్ అనే వెబ్‌సైటు ఉంది. అందులో కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలను కొందరు స్వచ్ఛందంగా చదివి వినిపిస్తారు, పైసా కట్టనక్కర్లేదు.

జవాబు:
మా పిల్లలకు ఆకాశాన్ని మించిన విందు లేదండీ. డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. చాలా ఉల్కాపాతాలకు అర్ధరాత్రి దాటేదాకా మేలుకోవాలి. ఇవి మాత్రం రాత్రి తొమ్మిది, పది గంటల నుంచే కనబడతాయి కాబట్టి చిన్నపిల్లలకూ అందుతాయి. డాబా మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోవడమే. కళ్లు చీకటికి అలవాటుపడటానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఈలోగా ఎవరైనా ఫోను వెలిగించారా, మళ్లీ మొదటికి! అందుకే మా ఇంట్లో ఆ పూట ఫోన్లన్నీ కిందే. మొదటి ఉల్క ఎవరి కంటపడితే వాళ్లు అరవాలి. ఆ అరుపు కోసమే మా చిన్నది కళ్లు ఆర్పకుండా చూస్తుంది.

డిసెంబరు దాకా ఆగలేకపోతే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూపించండి. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకోసారి భూమిని చుట్టివస్తుంది. సూర్యాస్తమయం తర్వాతో, తెల్లవారుజామునో మెరుస్తూ, మిణుకుమనకుండా కొద్ది నిమిషాల్లో ఆకాశం దాటిపోతుంది. అది మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా ఉచితంగా చెబుతుంది. "అందులో ఇప్పుడు మనుషులున్నారు" అని చెప్పి చూడండి, మీవాడు ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు!

జవాబు:
పైవన్నీ మంచివే. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం కూడా గుర్తుపెట్టుకోండి, ఆ రోజు చాలాచోట్ల టికెట్ ఉండదు. అయితే ముందు మీ అమ్మాయితో మాట్లాడండి. పదకొండేళ్ల పిల్లకు ఇంటి పరిస్థితి అర్థమయ్యే ఉంటుంది, అందుకే అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, వచ్చే సెలవు రోజు కార్యక్రమం తనకే అప్పగించండి. ఎంత తక్కువైనా సరే, ఖర్చు పెట్టగలిగిన మొత్తం తన చేతికే ఇవ్వండి. పెద్దరికం ఇస్తే పిల్లలు ముడుచుకోవడం మానేస్తారు, మా ఇంట్లో చూశాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మాయితో మాట్లాడాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే వెళ్లి అంతరిక్ష కేంద్రం వేళలు వెతికి కాగితం మీద రాసింది. గురువారం సాయంత్రం వాయవ్యం నుంచి వస్తుందట. దిక్సూచి లేకుండా ఆ మూల ఎటో ఎలా తెలుస్తుంది?

జవాబు:
సూర్యుడు అస్తమించే వైపు తిరిగి నిలబడమనండి. ఎదురుగా పడమర, కుడిచేతి వైపు ఉత్తరం. ఆ రెంటికీ మధ్యలో చూడాలి. కాస్త ముందుగానే డాబా ఎక్కండి.