‘రాబిన్ ఆఫ్ షెర్‌వుడ్’ పాత సీరియల్: ఏ వరుసలో చూడాలి, అందులో అసలు గాథ ఎంత?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాము. పదకొండేళ్ల మా అమ్మాయికి బడిలో రాబిన్ హుడ్ గాథ మీద వ్యాసం రాయమని చెప్పారు. 1980లలో ఐటీవీ చానెల్‌లో వచ్చిన ‘రాబిన్ ఆఫ్ షెర్‌వుడ్’ డిస్కులు ఒక చారిటీ షాపులో కనబడితే, వ్యాసానికి పనికివస్తాయని తీసుకున్నాను. చూడడం మొదలుపెట్టాక అయోమయంలో పడ్డాము. రాబిన్ అప్పటికే చనిపోయినట్టు, అతని అనుచరులు చెల్లాచెదురైనట్టు కథ మొదలవుతోంది. ఎవరో ప్రభువు కొడుకు వచ్చి మళ్లీ రాబిన్ అవుతున్నాడు. ఇది వేరే సీరియలా, లేక మధ్యలో కొంత భాగం మా దగ్గర లేదా? ఇందులో కనిపించేదంతా పాత గాథలో ఉన్నదేనా? ఈ వయసు పిల్లలకు చూపించవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

నమస్కారమండీ. మీ చేతికి వచ్చినది రెండవ సగం మాత్రమే. ఈ సీరియల్ 1984 నుండి 1986 వరకు మూడు సీజన్లుగా ప్రసారమైంది. మొదటి సీజన్‌లో 6, రెండవదానిలో 7, మూడవదానిలో 13, మొత్తం 26 ఎపిసోడ్లు ఉన్నాయి. మొదటి రెండు సీజన్లలో మైఖేల్ ప్రేడ్, మూడవదానిలో జేసన్ కానరీ కథానాయకులు. ఇద్దరికీ చెరి 13 ఎపిసోడ్లు రావడం వల్ల డిస్కులను కూడా రెండు సెట్లుగా విడదీసి అమ్మారు. మీ పెట్టె మీద ఉన్న బొమ్మ కానరీదే అయి ఉండాలి. కొన్నిచోట్ల రెండు భాగాల కథలను ఒకే ఎపిసోడ్‌గా లెక్కించడం వల్ల సంఖ్య తక్కువగా కనబడుతుంది కాబట్టి, కొనేటప్పుడు ఎపిసోడ్ల సంఖ్యను కాకుండా సీజన్ల సంఖ్యను చూసుకోండి.

ప్రసారమైన వరుసలోనే చూడమని నా గట్టి సలహా. ప్రేడ్‌కు అమెరికాలో అవకాశం రావడంతో ఆయన తప్పుకున్నారు. అలాంటప్పుడు చాలా సీరియళ్లలో నటుడిని మార్చి, ఏమీ జరగనట్టు అదే పాత్రను కొనసాగిస్తారు. ఈ సీరియల్ సృష్టికర్త, ప్రధాన రచయిత అయిన రిచర్డ్ కార్పెంటర్ అలా చేయలేదు. రెండవ సీజన్ చివరి ఎపిసోడ్‌లో రాబిన్‌ను నిజంగానే చంపి, మూడవ సీజన్‌లో ఆ పేరును, ఆ బాధ్యతను మరొక మనిషి చేతిలో పెట్టారు. ఆ మరణం ఇప్పటికే మీకు తెలిసిపోయినా, అది చూసిన తరువాతే రెండవ రాబిన్ పడే తటపటాయింపుకు బరువు వస్తుంది. మూడవ సీజన్‌ను కాసేపు పక్కన పెట్టి, మొదటి సెట్టు సంపాదించండి.

ఇక చివరి ఎపిసోడ్ చూశాక మిగతా డిస్కులు పోయాయేమోనని వెతకకండి. కథ అక్కడే అసంపూర్తిగా ఆగింది. సీరియల్‌ను తీసిన హెచ్‌టీవీ సంస్థతో కలిసి పెట్టుబడి పెట్టిన గోల్డ్‌క్రెస్ట్ సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో పడి తప్పుకోవడంతో నాలుగవ సీజన్ రాలేదు. కార్పెంటర్ 2012లో మరణించారు. ఆయన రాసి ఉంచిన ఒక కథ 2016లో పాత నటుల గొంతులతోనే శ్రవ్య నాటకంగా వెలువడింది.

మరొక సభ్యురాలి సమాధానం:

అమ్మాయి వ్యాసం గురించి నేను చెబుతాను. సీరియల్‌లో కనబడినదంతా పాత గాథ అని రాస్తే మార్కులు పోతాయి. కానీ ఏది ఎప్పుడు వచ్చి చేరిందో విడదీసి చూపితే అదే మంచి వ్యాసం అవుతుంది.

రాబిన్ హుడ్ పాటల ప్రస్తావన మనకు దొరికే తొలి సాహిత్య రచన 1377 ప్రాంతపు ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యం. అందులో సోమరితనానికి ప్రతిరూపమైన ఒక పూజారి, తనకు ప్రార్థన సరిగా రాదు గానీ రాబిన్ హుడ్ పాటలు మాత్రం వచ్చునని ఒప్పుకుంటాడు. అంటే అప్పటికే ఈ పాటలు పనిలేనివాళ్ల కాలక్షేపంగా పేరు మోశాయన్నమాట. తరువాత 1500 ప్రాంతంలో అచ్చయిన ‘ఎ జెస్ట్ ఆఫ్ రాబిన్ హోడ్’ అనే దీర్ఘ గేయకథలో రాబిన్ అనుచరులు లిటిల్ జాన్, విల్, మిల్లర్ కొడుకు మచ్, అతని శత్రువైన అధికారి నాటింగ్‌హామ్ షెరీఫ్ అందరూ ఉన్నారు. రాబిన్ ప్రియురాలు మారియన్ లేదు, అతని బృందంలోని సన్యాసి ఫ్రయర్ టక్ లేడు. రాజు పేరు రిచర్డ్ కాదు, ఎడ్వర్డ్. రాబిన్ నివాసం మీ లీడ్స్‌కు ఆగ్నేయంగా, మీ యార్క్‌షైర్‌లోనే ఉన్న బార్న్స్‌డేల్. మీ అమ్మాయి ఈ విషయం రాస్తే వాళ్ల టీచరు తప్పక సంతోషిస్తారు.

మారియన్ మొదట 13వ శతాబ్దపు ఫ్రెంచి నాటకంలోని గొర్రెల కాపరి పిల్ల. అక్కడ కూడా రాబిన్ అనే పేరుగల ప్రియుడు ఉన్నాడు గానీ అతనికీ మన విలుకాడికీ సంబంధం లేదు. ఇంగ్లండ్‌లో మే నెల వేడుకల ఆటల్లో ఈ రెండు కథలూ కలిసిపోయాయి. రిచర్డ్, జాన్ రాజుల కాలానికి రాబిన్‌ను తీసుకువెళ్లినవాడు 1521లో చరిత్ర రాసిన స్కాట్లండ్ పండితుడు జాన్ మేజర్. గై ఆఫ్ గిస్బర్న్ పాత గేయంలో తలా తోకా సహా గుర్రం తోలు కప్పుకొని వచ్చే కిరాయి హంతకుడు. సీరియల్‌లో అతన్ని షెరీఫ్ కింద పనిచేసే యోధుడిగా మార్చారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇద్దరు రాబిన్‌ల ఏర్పాటు. పాత గేయాల్లో రాబిన్ రైతు కుటుంబాల స్థాయి మనిషి, ప్రభువు కాదు. అతను లాక్స్‌లీలో పుట్టాడని 1600 ప్రాంతపు ఒక రాతప్రతి చెబుతుంది. అతన్ని హంటింగ్‌డన్ ప్రభువుగా చేసినది 1598 నాటి ఆంథొనీ మండే నాటకాలు. ఈ రెండు పాయలూ శతాబ్దాల పాటు ఒకదానికొకటి పొసగకుండానే నడిచాయి. కార్పెంటర్ మొదటి రాబిన్‌ను లాక్స్‌లీ గ్రామస్థుడిగా, రెండవవాడిని హంటింగ్‌డన్ ప్రభువు కొడుకుగా రాయడంతో, నటుడు వెళ్లిపోవడం వల్ల వచ్చిపడిన చిక్కు కాస్తా గాథలోని పాత పేచీకి పరిష్కారమైంది. మూడవ సీజన్ బలహీనమని చాలామంది అంటారు, కొన్ని ఎపిసోడ్ల విషయంలో అది నిజమే. అయినా ఈ ఒక్క ఆలోచన కోసం దాన్ని వదులుకోకూడదని నా అభిప్రాయం.

రెండు పాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త. కొమ్ముల కిరీటంతో పొగమంచులోంచి వచ్చే హెర్న్ రాబిన్ గాథకు చెందినవాడు కాదు. అతను షేక్‌స్పియర్ ‘ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకంలో ప్రస్తావనకు వచ్చే విండ్సర్ అడవి దయ్యం; సీరియల్‌లోని షెర్‌వుడ్ అడవికి తెచ్చినది కార్పెంటరే. అలాగే అరబ్బు యోధుడు నాసిర్ పూర్తిగా ఈ సీరియల్ సృష్టి. మొదటి కథలోనే చనిపోవలసిన ఆ పాత్రను, నటుడు మార్క్ రయాన్ అందరికీ నచ్చడంతో ఉంచేశారు. 1991 నాటి హాలీవుడ్ చిత్రంలోనూ, 2006 నాటి బీబీసీ సీరియల్‌లోనూ రాబిన్ బృందంలో ఇలాంటి పాత్ర మళ్లీ కనబడుతుంది.

పిల్లల విషయానికి వస్తే, ఇది శనివారం సాయంత్రం కుటుంబమంతా చూడడానికి తీసినదే గానీ మంత్రగాళ్లు, క్షుద్రపూజలు, కత్తిపోట్లు చాలానే ఉన్నాయి. అప్పట్లో దీని మీద అభ్యంతరాలు కూడా వచ్చాయి. మొదటి కథలోని మాంత్రికుడు బెల్లెమ్, రెండవ సీజన్‌లోని ‘ది స్వోర్డ్స్ ఆఫ్ వేలాండ్’ మీరు ముందుగా చూసి, తరువాత అమ్మాయికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి సెట్టు కోసం వెతుకుతున్నాను. సెలవుల్లో చిత్రీకరణ జరిగిన అడవిని అమ్మాయికి చూపించాలని ఉంది. నాటింగ్‌హామ్ వెళ్తే సరిపోతుందా? మరొక సందేహం: ఈ డిస్కులను తరువాత విజయవాడలోని మా తమ్ముడికి పంపితే అక్కడ పనిచేస్తాయా?

సమాధానం:

సీరియల్‌లోని అడవి కోసం నాటింగ్‌హామ్ వెళ్లనవసరం లేదండీ. హెచ్‌టీవీ వేల్స్‌కు, పశ్చిమ ఇంగ్లండ్‌కు చెందిన సంస్థ కావడంతో చిత్రీకరణలో ఎక్కువ భాగం బ్రిస్టల్ చుట్టుపక్కల జరిగింది. వై నది ఒడ్డున ఉన్న చెప్‌స్టో కోటను కూడా వాడుకున్నారు. మీకు అది దూరం. మూడవ సీజన్ కోసం న్యూకాసిల్‌కు ఉత్తరాన ఉన్న ఆల్నిక్ కోటలోనూ తీశారు. హ్యారీ పాటర్ తొలి చిత్రాల్లో కనిపించిన కోట కూడా అదే కాబట్టి, అమ్మాయిని ఒప్పించడం కష్టం కాదు.

అసలు షెర్‌వుడ్ చూడాలంటే ఎడ్విన్‌స్టో గ్రామానికి వెళ్లండి. మేజర్ ఓక్ అనే బ్రహ్మాండమైన సింధూర వృక్షం అక్కడే ఉంది. కొమ్మలకు ఊతలు పెట్టి నిలబెట్టారు. రాబిన్ దాని తొర్రలో దాక్కునేవాడని చెబుతారు గానీ, చెట్టు వయసు 800 నుండి 1000 ఏళ్లని వాళ్లే అంటారు కాబట్టి, రిచర్డ్ రాజు కాలానికి అందులో దాక్కునేంత తొర్ర ఉండే అవకాశం తక్కువ.

డిస్కుల సంగతి: వీటిని ప్రాంతాల (రీజియన్ల) వారీగా తయారుచేస్తారు, ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. బ్రిటన్ డీవీడీలు రెండవ రీజియన్‌వి, మన దేశానివి ఐదవ రీజియన్‌వి. బ్లూరే అయితే బ్రిటన్‌ది బీ, మనది సీ. అన్ని రీజియన్ల డిస్కులనూ ఆడించే ప్లేయర్ మీ తమ్ముడి దగ్గర ఉందో లేదో కనుక్కున్నాకే పంపండి.