పారిస్ వారాంతం: ఇద్దరు పిల్లలు, శాకాహారి అత్తయ్యగారు. ఐఫిల్, లూవ్ర్ ఒకే రోజు అవుతాయా?

లావణ్య (స్టుట్‌గార్ట్):
అందరికీ నమస్కారం. మేం జర్మనీ వచ్చి కొద్ది నెలలే అయింది. వచ్చే నెల మొదటి వారాంతం, శుక్రవారం పొద్దున్నే రైలెక్కి సోమవారం సాయంత్రానికి తిరిగొచ్చేలా పారిస్ వెళ్దామనుకుంటున్నాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల పాప, మూడేళ్ల బాబు, ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన మా అత్తయ్యగారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. శనివారమైతే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులున్నాయి. నా ప్రశ్న ఒక్కటే: ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం ఒకే రోజు పెట్టుకుంటే కష్టమా?

రమేష్ (కార్ల్స్‌రూహె):
లావణ్య గారూ, అసలు పారిస్ ఎందుకండీ? అదే రైల్లో సగం దారిలో స్ట్రాస్‌బూర్‌లో దిగిపోండి. గంటన్నర కూడా పట్టదు. పెద్దావిడకి హాయి. అక్కడి కెథడ్రల్ (పెద్ద చర్చి) శిఖరం 142 మీటర్లు, 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంత ఎత్తైన కట్టడం లేదు. లోపల ఖగోళ గడియారం ఉంది, మధ్యాహ్నం పన్నెండున్నరకి బొమ్మలు కదులుతాయి, మీ బాబు నోరు తెరుచుకుని చూస్తాడు. పక్కనే పెతీత్ ఫ్రాన్స్, కాలువల పక్కన చెక్క దూలాల ఇళ్లు. మనవాళ్లందరూ ఐఫిల్ ముందు ఫోటో లేకపోతే ఫ్రాన్స్ చూసినట్టు కాదనుకుంటారు, అదే గొడవ.

ప్రసాద్ (మాన్‌హైమ్):
ఐఫిల్, లూవ్ర్ సంగతి తర్వాత. ముందు ఎక్కడ దిగుతున్నారో చెప్పండి. అపార్ట్‌మెంట్ మాత్రం తీసుకోకండి. మాకు జరిగింది చెప్తాను, వినండి.

మా అమ్మానాన్న వచ్చారని, వంట చేసుకోవచ్చని, మోమార్త్ర్ దగ్గర ఒక ఫ్లాట్ బుక్ చేశాం. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది. సామాను లాక్కుంటూ వెళ్తే వీధి తలుపుకి నంబర్ల తాళం. ఆ నంబరు పంపాల్సిన ఓనరు ఫోన్ ఎత్తడు. చలిలో మెట్ల మీద కూర్చున్నాం. రాత్రి తొమ్మిదికి మెసేజ్ వచ్చింది. లోపలికెళ్తే లిఫ్ట్ లేదు, ఐదో అంతస్తు, గుండ్రంగా తిరిగే చెక్క మెట్లు. నాన్న ప్రతి అంతస్తుకీ ఆగి కిటికీ చూస్తున్నట్టు నటించారు.

అది కూడా సర్దుకున్నాం. రెండో రోజు అమ్మ చారు పెట్టింది. ఇంగువ పోపు వేసింది. అంతే. పొగ అలారం మోగలేదు, పక్కింటివాళ్లు రాలేదు. వెళ్లిపోయే రోజు పొద్దున ఓనరు వచ్చాడు. రాగానే కర్టెన్ అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకటి వాసన చూశాడు, రెండోది చూశాడు, సోఫా దిండు కూడా చూశాడు. వాసన పోగొట్టడానికి క్లీనింగ్ ఖర్చని డిపాజిట్‌లో సగం పట్టుకుంటానన్నాడు. ఇండక్షన్ పొయ్యి మీద గీత ఉంది, దానికి ఇంకొంత. ఆ గీత మేం దిగిన రాత్రి నేను తీసిన ఫోటోలోనే ఉంది, తారీఖు, టైముతో సహా. చూపిస్తే ‘అది వేరే గీత’ అన్నాడు! వేలు పెట్టి చూపించాను, అదే గీత. బుక్ చేసిన సైటుకి ఫోటోలన్నీ పంపి ఫిర్యాదు పెడితే చాలా రోజులకి కొంత వెనక్కి వచ్చింది. ఇంగువ డబ్బులు మాత్రం పోయాయి.

కాబట్టి హోటల్. అపార్ట్‌మెంటే కావాలంటే ప్రకటనలో నగరపాలిక రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, లిఫ్ట్ ఉందా చూడండి. దిగగానే గది గదికీ వీడియో తీయండి.

ఉష (పారిస్ శివారు):
ప్రసాద్ గారూ, పారిస్ అని ఎవరు అడిగినా మీ ఇంగువ కథ వస్తుంది :) అందరు ఓనర్లూ అలా ఉండరు. మా ఇంటికి వచ్చే చుట్టాలు అపార్ట్‌మెంట్లలోనే దిగుతారు, ఏ గొడవా రాలేదు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు పాలు కాచుకోవడానికైనా ఒక పొయ్యి కావాలి.

లావణ్యా, నీ ప్రశ్నకి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఒకే రోజు వద్దమ్మా. టికెట్టు, టైమూ ఉన్న చోటు రోజుకి ఒకటే పెట్టుకో. మిగతాదంతా బయట తిరగడమే. లూవ్ర్ శుక్రవారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. గార్ ద లెస్ట్ స్టేషన్లో దిగుతారు, బసకి వెళ్లి భోంచేసి, అత్తయ్యగారిని కాస్త నడుం వాల్చనిచ్చి సాయంత్రం వెళ్లండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి ఉచితమే కానీ వాళ్ల పేరుతోనూ టైము బుక్ చేయాలి. 2026 జనవరి నుంచి యూరప్ బయటి నుంచి వచ్చినవాళ్లకి టికెట్ 32 యూరోలు చేశారు, అత్తయ్యగారిది ఆ లెక్కే.

ఐఫిల్ లిఫ్ట్ టికెట్లు రెండు నెలల ముందు నుంచే అమ్ముతారు, ఇవాళే చూడు. దొరక్కపోతే రెండో అంతస్తు దాకా 674 మెట్లెక్కే టికెట్ ఉంది, అది మీ ఆయన ఒక్కరికే కొను. అత్తయ్యగారు కిందే కూర్చుని చూడొచ్చు. చీకటి పడ్డాక ప్రతి గంటకీ ఐదు నిమిషాలు దీపాలు మిలమిలలాడతాయి, ఆవిడకి అదే ఎక్కువ నచ్చుతుంది.

మోకాళ్ల నొప్పులంటే మెట్రో మర్చిపో. 14వ లైను తప్ప చాలా స్టేషన్లలో లిఫ్టులే లేవు. 69వ నంబరు బస్సు ఎక్కితే ఐఫిల్ పక్కన షాం ద మార్స్ నుంచి లూవ్ర్ మీదుగా బస్తీయ్ దాకా కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. సిటీ టూర్ బస్సుకి పెట్టే డబ్బులు మిగులుతాయి.

మురళి (పారిస్):
ఉష గారికి నమస్కారం. ఒక చిన్న సవరణ. వాళ్లు వచ్చేది మొదటి వారాంతం కాబట్టి ఆదివారం మ్యూజియంలన్నీ ఉచితం. లూవ్ర్ ఆదివారానికి మార్చుకుంటే డబ్బు మిగులుతుంది కదా. ఇంకోటి, వారం పాస్ కొనుక్కుంటే మెట్రో, బస్సు అన్నీ ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు.

ఉష (పారిస్ శివారు):
మురళి గారూ, అది పాత రోజుల మాట. లూవ్ర్‌కి మొదటి ఆదివారం ఉచితం తీసేసి చాలా కాలమైంది. ఇప్పుడు మొదటి శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత ఉచితం, జులై, ఆగస్టు తప్ప, అదీ బుక్ చేసుకుంటేనే. మొదటి ఆదివారం ఉచితం ఓర్సే మ్యూజియం లాంటి చోట్ల ఉంది. ఉచితం అన్న రోజు చంటిపిల్లాడితో ఆ జనంలోకి ఎవరు వెళ్తారు?

వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే. శుక్రవారం దిగేవాళ్లకి దండగ, పైగా ఆ వారం పాస్ శుక్రవారం అమ్మనే అమ్మరు. మనిషికొక నవిగో ఈజీ కార్డు తీసుకుని విడి టికెట్లు ఎక్కించుకోవడమే. ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్లకూడదు. బాబుకి టికెట్ అక్కర్లేదు, పాపకి సగం ధర. బస్సు టికెట్, మెట్రో టికెట్ వేర్వేరు, అది గుర్తుంచుకో.

మురళి (పారిస్):
సరే, శుక్రవారమే. కానీ ఉచితమని తెలిశాక 32 యూరోలు కట్టమని పెద్దావిడకి చెప్పడం నా వల్ల కాదు.

ప్రసాద్ (మాన్‌హైమ్):
అందరూ ముఖ్యమైనది మర్చిపోయారు. లావణ్య గారూ, మీ రెసిడెన్స్ కార్డు చేతికి వచ్చిందా? రాకపోతే జర్మనీ దాటొద్దు. మా కొలీగ్ ఒకాయన కార్డు వచ్చేదాకా విదేశీయుల ఆఫీసు ఇచ్చిన ఆకుపచ్చ కాగితం పట్టుకుని వెళ్లి తిరిగొచ్చేటప్పుడు గంటసేపు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు.

రమేష్ (కార్ల్స్‌రూహె):
ప్రసాద్, పూర్తిగా చెప్పు, కొత్తవాళ్లు భయపడతారు. కార్డు రాకపోయినా పాస్‌పోర్టులో ఉన్న డీ వీసా (ఎక్కువ కాలం ఉండటానికి జర్మనీ ఇచ్చేది) గడువు మిగిలి ఉంటే చాలు, 180 రోజుల్లో 90 రోజులు షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) అంతా తిరగొచ్చు. ఆ ఆకుపచ్చ కాగితంలో రెండు రకాలున్నాయి. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో పేరా కింద ఇచ్చిందైతే తిరిగి రావొచ్చు, మూడో పేరా కింద ఇచ్చిందైతే కుదరదు. మీ కొలీగ్‌ది మూడో పేరా అయ్యుంటుంది. అత్తయ్యగారికి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఫ్రాన్స్‌లోనూ చెల్లుతుంది. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ అన్ని సరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది, వచ్చేటప్పుడు సరిహద్దు ఊరు కేల్ దగ్గర పోలీసులు ఎక్కొచ్చు. పిల్లలవి కూడా అసలు పాస్‌పోర్టులు ఉండాలి. ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు.

ప్రసాద్ (మాన్‌హైమ్):
పేరా నంబర్లు చూసుకుని ఎవడు ప్రయాణం పెట్టుకుంటాడు? అందుకే దాటొద్దన్నాను.

లావణ్య (స్టుట్‌గార్ట్):
థాంక్సండీ అందరికీ. డీ వీసాకి ఇంకా గడువుంది, అమ్మయ్య. తిండి సంగతి కూడా ఎవరైనా చెప్తారా? అత్తయ్యగారు మూడు రోజులు అరటిపళ్లతో గడిపేస్తానంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

మురళి (పారిస్):
మారే పేటలో రూ దె రోజియే వీధికి తీసుకెళ్లండి. ఫలాఫెల్ తినిపించండి, పక్కా శాకాహారం. శనివారం తిరగడానికి బాగుంటుంది.

ఉష (పారిస్ శివారు):
మురళి గారూ, అది యూదుల వీధి, శనివారం ఆ షాపులు చాలావరకు మూసే ఉంటాయి. తెరిచి ఉన్నా ఫలాఫెల్‌లో వెల్లుల్లి లేకుండా ఎక్కడుంది!

లావణ్యా, శ్రద్ధగా విను. బయట పిల్లల మెనూ అని బోర్డు చూసి సంతోషపడకు. చాలాచోట్ల అందులో ఇచ్చేది స్టేక్ అషే, అంటే గొడ్డుమాంసం కైమా. కీష్ లొరేన్‌లో పంది ముక్కలుంటాయి. ఉల్లిపాయ సూప్ పేరుకే ఉల్లి, మామూలుగా గొడ్డు ఎముకల రసంతోనే కాస్తారు. చాక్లెట్ మూస్‌లో పచ్చిగుడ్డు. క్రువాసాఁ పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు. ‘శాకాహారం’ అంటే చేప తింటారేమో అనుకునే వెయిటర్లు ఇంకా ఉన్నారు, అందుకని ‘సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ, సాఁ జుఫ్’ (మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పు.

అత్తయ్యగారికి నిశ్చింతగా పెట్టగలిగింది బాగెత్ ట్రాడిస్యోన్ అనే పొడుగు బ్రెడ్డు. దాంట్లో ఏం కలపాలో 1993 నుంచి ప్రభుత్వ ఉత్తర్వే ఉంది: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు లేదా పులిసిన పిండి. గుడ్డు, వెన్న ఏమీ పడవు. పొద్దున వేడిగా ఉన్నప్పుడు కొని, మీరు తెచ్చిన కందిపొడో, పచ్చడో రాసి ఇవ్వు. మా అమ్మ ఆవకాయతో తింది, పైగా ‘ఇది మన బన్ను కన్నా నయమే’ అంది. మీరు నలుగురూ మోపర్నాస్ వైపు క్రేప్ (పలచటి అట్టు) కొట్లకి వెళ్లండి. అక్కడ నల్ల గోధుమ (బక్‌వీట్) అట్టు గలెత్‌లో చీజ్, పుట్టగొడుగులు వేయించుకోండి. ఆ పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు, అత్తయ్యగారి కోసమైతే అడగాలి.

శనివారానికి నా మాట విని లా షాపెల్ వెళ్లండి. గార్ ద లెస్ట్ నుంచి ఫోబూర్ సేఁ దెనీ వీధి పట్టుకుని నడిచిపోవచ్చు. అంతా శ్రీలంక తమిళుల కొట్లు: ఇడ్లీ, కరివేపాకు, మునక్కాయలు, స్టీలు గ్లాసులు. 1985లో మొదలైన మాణిక్క వినాయకర్ గుడి ఇప్పుడు రూ పజోల్‌లో ఉంది. ముందు దర్శనం, తర్వాత పెరుగన్నం. సాంబారులో ఉల్లి ఉంటుంది, అది మాత్రం వద్దను.

వేళలు: మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడున్నర తర్వాత. నడుమ చాలా వంటిళ్లు మూసేస్తారు. మూడింటికి ఆకలంటే పిల్లలకి బేకరీయే గతి. కూర్చోగానే ‘యూన్ కరాఫ్ దో’ అను, కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. ఊరికే నీళ్లడిగితే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. సర్వీసు రేటులోనే కలిసి ఉంటుంది, టిప్పు ఇష్టమైతేనే. లోపలికి అడుగుపెట్టగానే ‘బోఁజూర్’ చెప్పాకే ఏమైనా అడుగు. ఆ ఒక్క మాట చెప్పకపోతే మొహం మాడ్చుకుంటారు.

సత్యనారాయణ (సెర్జీ):
మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు కాబట్టి మా తాతగారి తరం నుంచే ఇక్కడికి రాకపోకలున్నాయి. ఇందులో ఎవరూ గిమే మ్యూజియం పేరు ఎత్తకపోవడం బాధగా ఉంది. ఐఫిల్ ఎదురుగా ట్రోకాదెరో నుంచి ఇయెనా వైపు కాస్త నడిస్తే చాలు. కృష్ణా జిల్లా ఘంటసాల నుంచి వచ్చిన బౌద్ధ శిల్పం అక్కడుంది, బుద్ధుడి మీదికి మారుడు సేనతో వచ్చే ఘట్టం. రాతిలో ఆ గుంపు తోపులాట దగ్గరికెళ్లి చూడాలి. లూవ్ర్‌లో మోనాలిసా దగ్గర జనం తలలు తప్ప ఏమీ కనపడదు. ఇక్కడ ఆ రాయికీ మనకీ మధ్య ఎవరూ ఉండరు, పక్కనే కుర్చీలూ ఉంటాయి. మొదటి ఆదివారం ఇది ఉచితమే, మురళి గారు సంతోషించొచ్చు. మంగళవారం మూత.

ట్రోకాదెరోలో ఫోన్ జేబులో పెట్టుకోవద్దు. సంతకం పెట్టమని కాగితం పట్టుకొచ్చే పిల్లలు, మూడు గిన్నెల ఆట ఆడేవాళ్లు, సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టేవాళ్లు, ఎవరి దగ్గరా ఆగొద్దు. నోత్ర్ దామ్ కెథడ్రల్‌కి ఎవరైనా టికెట్ అమ్మితే కొనొద్దు. మంటల తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, లోపలికి ప్రవేశం ఉచితమే.

లావణ్య (స్టుట్‌గార్ట్):
సత్యనారాయణ గారూ, మా అత్తయ్యగారిది చల్లపల్లి! ఘంటసాల పక్కనే. ఆవిడకి చెప్తే ‘మా ఊరి రాయి ఇక్కడికెలా వచ్చింది’ అని అప్పటినుంచీ అడుగుతున్నారు. అయితే శుక్రవారం సాయంత్రం లూవ్ర్ మా ఆయన, పాప వెళ్తారు, శనివారం గుడి, ఆదివారం గిమే, చీకటి పడ్డాక ఐఫిల్. సోమవారం నోత్ర్ దామ్ చూసి రైలు. చివరి ప్రశ్న: బాబుకి స్ట్రోలర్ తీసుకెళ్లాలా?

ఉష (పారిస్ శివారు):
తీసుకెళ్లు, కానీ ఒంటిచేత్తో మడిచేది. రైలుకీ ఐఫిల్‌కీ సామాను తక్కువ ఉంటేనే మంచిది, పెద్ద సూట్‌కేసులు ఐఫిల్ మీదికి రానివ్వరు. సోమవారం పొద్దున సామాను గార్ ద లెస్ట్ లాకర్లలో పడేసి తిరగండి.

రమేష్ (కార్ల్స్‌రూహె):
స్ట్రాస్‌బూర్ ట్రాములో స్ట్రోలర్ మడిచే పనే లేదు, నేలమట్టంగా తోసుకుంటూ ఎక్కేయడమే. ఊరికే చెప్తున్నాను.