తైక్వాండో స్పారింగ్‌లో చేతులు కిందకి వదిలేస్తే తప్పా?

ముందుకాలు: మా కోచ్ రోజూ ఒకటే గోల, చేతులు పైకెత్తు, గడ్డం దగ్గర పెట్టు అని. పెద్ద మ్యాచ్‌లు చూస్తే మాత్రం టాప్ ప్లేయర్లు చాలామంది చేతులు నడుము దగ్గర వేలాడేసుకునే ఆడుతున్నారు. నేనూ అలాగే ట్రై చేశా, మొన్న ఒకే బౌట్‌లో ఒకే చెంప మీద మూడు రౌండ్‌హౌస్‌లు (పక్క నుంచి తిప్పి కొట్టే కిక్‌లు) తిన్నా. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

కట్‌కిక్: చేతులు కిందే ఉంచు బ్రో. వరల్డ్ తైక్వాండో రూల్స్‌లో మొహానికి పంచ్ లేదు కదా, మరి బాక్సింగ్ గార్డ్ దేనికి? అసలు గార్డ్ నీ ముందు కాలే, మోకాలు లేపి ఉంచితే వాడు దగ్గరికే రాలేడు.

పాత_హోగు: మోకాలు లేపి ఎంతసేపు ఉంచుతారు సార్? 3 సెకన్లు దాటితే గామ్‌జోమ్ (పెనాల్టీ), ఎదుటివాడి కిక్‌కి అడ్డం పెట్టడానికే కాలు లేపినా గామ్‌జోమే, అంటే వాడికి ఊరికే ఒక పాయింట్. మూడు రౌండ్లలో రెండు గెలిస్తే మ్యాచ్ అనే బెస్ట్ ఆఫ్ త్రీ వచ్చాక ఒక రౌండ్‌లో 5 గామ్‌జోమ్‌లు పడితే ఆ రౌండే పోతుంది. కట్ కిక్, అదే ముందు కాలు లేపి అడ్డుకునే కిక్, నాకూ ఇష్టమే కానీ దాన్నే గోడలా నమ్ముకుంటే కష్టం.

కట్‌కిక్: సరే ఒప్పుకుంటా, కానీ చేతులు పైకెత్తితే పక్కటెముకల దగ్గర హోగు (ఛాతీకి కట్టుకునే ప్యాడ్) మొత్తం ఖాళీ కదా. బాడీకి కిక్ 2 పాయింట్లు, రౌండ్‌లో ఎక్కువ పడేవి అవే.

పాత_హోగు: తలకి 3, గిర్రున తిరిగి తలకి తన్నితే 5, అది కూడా లెక్కేసుకోండి. పైగా 2016 రియో ఒలింపిక్స్‌లో ఎలక్ట్రానిక్ హెడ్‌గేర్ వచ్చాక తల కిక్‌కి పాతకాలంలో లాగా తల అదిరిపోయేంత దెబ్బ పడనక్కర్లేదు, పాదం సరిగ్గా తగిలితే చాలు.

నెర్యో_పిచ్చి: మీరిద్దరూ చేతులు పైనా కిందా అని కొట్టుకుంటున్నారు, స్టాన్స్ (నిలబడే తీరు) సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఓపెన్ స్టాన్స్‌లో, అంటే ఇద్దరి పొట్టలూ ఒకే వైపుకి తిరిగి ఉన్నప్పుడు, వాడి వెనక కాలు నేరుగా మన పొట్ట మీదకే వస్తుంది, అక్కడ వెనక చెయ్యి కిందకి దించి మోచెయ్యి పక్కటెముకలకి ఆనించాలి. క్లోజ్డ్‌లో, అంటే ఇద్దరి పొట్టలూ చెరో వైపుకి తిరిగి ఉన్నప్పుడు, అదే పొట్ట మీదకి వాడి ముందు కాలు వస్తుంది, దానికి పెద్ద ఊపు అక్కర్లేదు, కళ్ళు మూసి తెరిచేలోపే తగిలేస్తుంది, బాడీకి అనుకున్నది సగం దారిలో తలకి మారుతుంది కూడా. ముందుకాలు గారూ, ఆ మూడూ దూరంలో ఉన్నప్పుడు తిన్నారా, క్లించ్‌లోనా, అంటే ఒకరినొకరు ఆనుకుని ఉన్నప్పుడా?

ముందుకాలు: రెండు క్లించ్ విడిపోతున్నప్పుడే 😅

నెర్యో_పిచ్చి: అదిగో. మీరు టీవీలో చూసిన వాళ్ళు చేతులు వదిలేసేది కాలు అందని దూరంలో, ఆ దూరం వాళ్ళ పాదాలకి కొలతేసినట్టు తెలుసు. ఛాతీకి ఛాతీ ఆనాక చూడండి, ఒక చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిపోతుంది.

కట్‌కిక్: ఇది మాత్రం నిజం, నేనూ విడిపోయేటప్పుడు చెయ్యి ఎత్తుతా. దూరంలో మాత్రం ఎత్తను, భుజాలు బిగుసుకుపోయి కిక్ లేటవుతుంది.

పాత_హోగు: ఆ దూరం మీ పాదాలకి తెలుసు. ఈయనకి ఇంకా తెలీదు, అందుకే కోచ్ అరుస్తున్నాడు.

ముందుకాలు: రేపు క్లించ్ డ్రిల్ ఒక్కటే చేస్తా, చెయ్యి చెవికి ఆనించి. నాలుగోది కూడా తింటే ఇక్కడే వచ్చి చెప్తా.