సమస్య: పేరు ముందు పెట్టఁ బేరు పోయె

నిర్వాహకుడు: లినక్స్ కెర్నెల్ కోడ్‌ను పరీక్షించే కేయూనిట్ ఉంది కదా, దాని లాగ్ వరుసల ముందు "కేయూనిట్:" అని తగిలించే ప్యాచ్ (కోడ్ మార్పు) ఒకటి చదువుతుంటే ఈ పాదం తట్టింది. కానివ్వండి.

యతిమైత్రి:

ఓకె యన్న వరుస కొక మాట తగిలించి
మురిసె నొకడు; యంత్ర మొల్లననెను;
లెక్కలోన లేదు లేదంచుఁ బల్కెను;
పేరు ముందు పెట్టఁ బేరు పోయె.

సాధురేఫ: బాగుంది, ఎప్పటిలాగే యతి దగ్గర తప్ప. ము–మొ కుదిరిందనుకున్నారేమో. "యంత్రము ఒల్లను" అని విడదీయండి, అక్కడ నిలబడేది ఒకారం. "మురిసె" బదులు "యుబ్బె నొకడు" అంటే సరి. విషయంలోనూ తొందరే. ఆ లాగ్ చదివి ఫలితాలు లెక్కపెట్టే పార్సర్, ఫలితాల మొదట్లో వచ్చే "కేటాప్ వెర్షన్" అన్న మాటకు ముందు ఎన్ని అక్షరాలున్నాయో కొలుచుకుని, ప్రతి వరుస మొదట్లో అన్నీ కోసేస్తుంది. అన్ని వరుసలకూ అదే పేరు తగిలిస్తే ఎవరి పేరూ పోదు.

యతిమైత్రి: "ఓకె యన్న వరుస" అని, టెస్టు పాసైందని చెప్పే వరుసను ఏకవచనంలోనే అన్నాను కదండీ. ఆ ఒక్కదానికే తగిలిస్తే కోత లెక్క తప్పదూ? "యుబ్బె" మాత్రం పనికొస్తుంది, ఉంచుకుంటాను.

సాధురేఫ: సరే, నాదీ చూడండి. కెర్నెల్ ప్రింట్ల ముందు పేరు తగిలించే పీఆర్ ఎఫ్ఎంటీ మాక్రోను, ఫైలు మొదట్లోని ఇంక్లూడు వరుసలకు పైన పెట్టడం మీద.

ఇంక్లుడులకుఁ బైన నీ మాక్రొ నిలిపిన
ప్రింటు లెన్ని యున్నఁ బిలువకుండ
మొదటి దాని నుండి తుదిదాని వరకును
పేరు ముందు పెట్టఁ బేరు పోయె.

నిర్వాహకుడు: అబ్బ! "పోయె" అంటే చివరి వరుస దాకా వెళ్ళిందనా! అందరూ పేరు పోగొట్టే పనిలో ఉంటే మీరు దాన్ని ప్రయాణం చేయించారు. ఈ విరుపు కోసమే ఇచ్చాను అనుకోండి.

యతిమైత్రి: విరుపు సరే, ఇంక్లూడులో దీర్ఘం ఎటు పోయె? "ప్రింటు లెన్ని యున్న" కూడా అతిశయోక్తే. పీఆర్ ఎఫ్ఎంటీ మాక్రో పీఆర్ ఇన్ఫో, పీఆర్ ఎర్ లాంటివాటికే అంటుతుంది. వట్టి ప్రింట్‌కేకి అంటదు. కేయూనిట్ ఇన్ఫో అయితే హాష్ గుర్తూ టెస్టు పేరూ తనే పెట్టుకుంటుంది, మీ మాక్రో ఊసే ఎత్తదు.

లఘువు: అదే మాక్రోను ఇంక్లూడుల కింద పెడితే, ఇదివరకే ఉన్నదాన్ని మళ్ళీ నిర్వచించావని కంపైలర్ గొణుగుతుంది. దాని మీద ఎవరూ పూరించరేం?

సాధురేఫ: దీర్ఘాల లెక్క ఈయన అడుగుతున్నారు! మొన్న సెగ్‌ఫాల్ట్ కందంలో "మఱి"కి "సరి"తో ప్రాస వేసిందెవరో?

యతిమైత్రి: రెండు రేఫలకూ ప్రాస వేసిన కవులు లేరా? ఆ రోజే అక్కడ చెప్పాను. మీరు చదవలేదు, నిర్వాహకులు లైక్ కూడా కొట్టారు.

నిర్వాహకుడు: కొట్టింది పద్యానికి కాదు, లఘువు గారి వ్యాఖ్యకు.