ఆశ్రమంలో పుట్టినరోజు జరిపి పిల్లల ముఖాలతో రీల్ పెట్టడం: అన్నయ్యకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక సభ్యురాలు)

మా పెదనాన్నగారి అబ్బాయి తన కూతురి మొదటి పుట్టినరోజును మొన్న ఆదివారం ఒక అనాథాశ్రమంలో జరిపించారు. పిల్లలకు కడుపునిండా భోజనం పెట్టాలన్న ఆలోచన మంచిది కనుక నేనూ సంతోషంగానే వెళ్లాను. అయితే వడ్డన పూర్తయిన తర్వాత కూడా, ఫొటోగ్రాఫర్ అన్నీ సరిచూసుకునేదాకా ఆ ముప్పైమంది పిల్లలు విస్తళ్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఒక బాబుకు అన్నయ్య లడ్డూ అందిస్తున్న దృశ్యం సరిగా రాలేదని, ఆ లడ్డూను వెనక్కి తీసుకుని మళ్లీ మళ్లీ ఇప్పించారు. మూడోసారి ఆ బాబు తల పక్కకు తిప్పుకున్నాడు. సాయంత్రానికల్లా అదంతా పాట జోడించిన రీల్‌గా ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, వాట్సాప్ స్టేటస్‌లోనూ వచ్చింది. పిల్లల ముఖాలు, గోడ మీది ఆశ్రమం పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

బంధువులందరూ మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఆ బాబు ముఖమే కళ్లముందు మెదులుతోంది. అన్నం తింటున్నవారి వంక చూడకూడదని మా నాయనమ్మ మమ్మల్ని పక్కకు పంపేవారు. గుప్తదానం అన్న మాటను మనం ఇంత త్వరగా ఎలా మరిచిపోయాం? అన్నయ్య నాకంటే పదేళ్లు పెద్దవారు, నిజంగా దయ గలవారు. ఆయన మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలో సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు (ఆశ్రమంలో ఆరేళ్లు చదువు చెప్పినవారు)

మీ బాధ సరైనదేనండి. అనాథలు అని మనం అనేస్తాం గానీ, నేను చదువు చెప్పిన పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పెంచే స్తోమత లేకనో, పనుల కోసం వలస వెళ్లడం వల్లనో అక్కడ చేర్చారు. ఆ పిల్లలు ఊళ్లోని బడికే వెళ్తారు. ఇలాంటి వీడియో ఒకటి తోటిపిల్లలు చూసి అడిగినందుకు, ఏడో తరగతి అమ్మాయి ఒకతె రెండు రోజులు బడికి వెళ్లనని మొండికేసింది. ఇచ్చినవారికి అది ఒక్క రోజు వేడుక, ఆ అమ్మాయికి మాత్రం తరగతిలో ప్రతిరోజూ మోయవలసిన పేరు.

పైగా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్, సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోలు, వారిని గుర్తుపట్టగల వివరాలు ప్రచురించడాన్ని నిషేధిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉండవచ్చు. కానీ మీ అన్నయ్యగారితో చట్టం ఎత్తవద్దు. ముందు ఆ బాబు తల తిప్పుకున్న సంగతే చెప్పండి, ఎందుకంటే ఫొటోల హడావిడిలో ఆయన దానిని చూసి ఉండరు.

రెండో జవాబు (ఒక ఆశ్రమం లెక్కలు చూసేవారు)

మొదటి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, నెల తిరిగేసరికి బియ్యం బస్తాలకు డబ్బు వెతుక్కునే మాకు ఫొటోలు పూర్తిగా వద్దనడం కష్టం. ఒకరు పెట్టింది చూసి మరొకరు ఫోన్ చేస్తారు. ఆ దాతల డబ్బుతోనే మా వంటిల్లు నడుస్తోంది. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. సరుకుల బస్తాలు, వండిన గిన్నెలు, రసీదు, కావాలంటే దాత కుటుంబం ఫొటో తీసుకోవచ్చు. భోజనాల గదిలోకి మాత్రం ఫోన్ రాకూడదు. ఈ నియమం విని ఇద్దరు ముగ్గురు దాతలు వెనక్కి వెళ్లిపోయిన మాట నిజం, ఆ నెల మాకు ఇబ్బంది అయిన మాటా నిజం. అయినా దానిని మార్చలేదు. తప్పు మీ అన్నయ్యగారిది మాత్రమే కాదు, కెమెరాను లోపలికి రానిచ్చిన నిర్వాహకులది కూడా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు వదినతో మాట్లాడాను. ఆ బాబు సంగతి చెప్పగానే ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, రాత్రికి రీల్ తీసివేయించారు. అన్నయ్య నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు. వచ్చే నెల నేను ఒక్కదాన్నే ఫోన్ ఇంట్లో వదిలి ఆశ్రమానికి వెళ్లి, ఆ బాబు పుట్టినరోజు ఎప్పుడో కనుక్కుంటాను.