చీరల షాపులో దొంగతనం: ఐదు వేలలోపు అయితే కేసు కాదా?

దిల్‌సుఖ్‌నగర్_కొట్టు:
శ్రావణమాసం గిరాకీ దగ్గర పడింది. ముగ్గురు నలుగురు గుంపుగా వస్తారు. ఒకరు ఇరవై చీరలు విప్పిస్తుంటే, పక్కనున్నావిడ ఒకటి మడతపెట్టి తన కొంగు కిందికి తోస్తుంది. స్టాకు లెక్క తేలేసరికి వారం దాటుతోంది. 5,000 లోపు అయితే ఎఫ్‌ఐఆర్ అవ్వదని స్టేషన్‌లో అంటున్నారు. నిజమేనా? పట్టుబడినవాళ్లని ఏం చేయాలి?

కోర్టు_పని:
సగమే నిజమండీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం)లో సెక్షన్ 303(2), అంటే మామూలు దొంగతనం కింద పెడితే 5,000 లోపు సొత్తు నాన్‌కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఆర్డర్ లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అదే చట్టంలో సెక్షన్ 305 వేరు. సరుకు భద్రపరిచే భవనంలో దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష, అక్కడ విలువ లెక్క లేదు. అందుకే ఫిర్యాదులో "షాపు లోపల, ఫలానా ర్యాక్ నుంచి" అని స్పష్టంగా రాయండి. ధర "సుమారు" అనొద్దు, కొనుగోలు బిల్లు జత చేయండి. ఏ సెక్షన్ వేయాలో తేల్చేది స్టేషనే, కానీ మీ కాగితం సరిగ్గా ఉంటే అడగడానికి మీకు నోరు ఉంటుంది.

కెమెరా_మెకానిక్:
అసలు దెబ్బ తగిలేది డిస్క్ దగ్గర. 2 ఎంబీపీఎస్‌తో రికార్డయ్యే కెమెరా రోజుకి దాదాపు 21 జీబీ తింటుంది. ఎనిమిది కెమెరాలకు 1 టీబీ డిస్క్ పెడితే ఆరో రోజుకే పాతది చెరిగిపోతుంది. మీరు లెక్క చూసేది వారానికి! నెల నిలవాలంటే 6 టీబీ కావాలి. సీలింగ్ కెమెరాలో తల నడినెత్తి తప్ప మొహం రాదు. తలుపు దగ్గర ఒకటి ఐదున్నర అడుగుల ఎత్తున పెట్టండి, బయటి ఎండకి మొహం నల్లబడకుండా డబ్ల్యూడీఆర్ ఆన్ చేయండి. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) గడియారం బిల్లింగ్ కంప్యూటర్‌తో కలవాలి. పది నిమిషాల తేడా ఉంటే డిఫెన్స్ లాయరు పట్టుకునేది దాన్నే.

కోర్టు_పని:
ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) సహా.

ఇక పట్టుకోవడం గురించి. మీ స్టాఫ్ ఒంటిమీద చెయ్యి వేసి వెతకకూడదు, స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేయకూడదు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకూడదు. అక్రమ నిర్బంధమని ఎదురు కేసు మీ మీదే పడుతుంది. కళ్లెదుట జరిగిన కాగ్నిజబుల్ (పోలీసులు నేరుగా కేసు కట్టగల), నాన్‌బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రాని) నేరమైతేనే మామూలు మనిషి పట్టుకోవచ్చు, అదీ ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. కాబట్టి 112కి కాల్ చేసి మహిళా కానిస్టేబుల్ కావాలని ముందే చెప్పండి. సూర్యాస్తమయం దాటాక ఆడవాళ్లని అరెస్టు చేయడానికి పోలీసులకే అడ్డంకులున్నాయి. రాత్రి ఎనిమిదికి దొరికితే నోటీసు ఇచ్చి పంపేశారని కోపం తెచ్చుకోవద్దు.

దిల్‌సుఖ్‌నగర్_కొట్టు:
చీరలు దొరికితే పండగలోపు చేతికొస్తాయా?

కోర్టు_పని:
బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కేసుల విధానం చెప్పే చట్టం) సెక్షన్ 497 కింద పిటిషన్ వేయండి. సొత్తు కోర్టు ముందుకొచ్చాక 14 రోజుల్లో వివరాలు రాసి, ఫొటోలు తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి. చీర అంచున కట్టిన స్టాకు నంబర్ చీటీ తెంపకుండా ఉంటే అది మీదేనని చూపడం తేలిక. ఆ చీటీని స్టాప్లర్ పిన్నుతో కాదు, దారంతో కుట్టించండి.