థర్మామీటర్‌కి పార్టీ రంగు ఎలా అంటింది?

చదువరి77:
అమెరికాలో భూతాపం మాట ఎత్తగానే డెమొక్రాట్లది నిజమేననే దారి, రిపబ్లికన్లలో చాలామందిది నమ్మని దారి. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాల్లో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు, అప్పుడు సుమారు 315 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు), ఇప్పుడు 420 దాటింది. కొలిచి చెప్పిన అంకెకి ఈ గొడవేంటి? మొదట్నుంచీ ఇంతేనా?

పాతపేపర్లు:
కాదండీ, మధ్యలో చెడింది. 1988 ప్రచారంలో సీనియర్ బుష్, రిపబ్లికనే, గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్‌కి వైట్‌హౌస్ ఎఫెక్ట్‌తో, అంటే అధ్యక్షుడి అధికారంతో, జవాబిస్తానన్నాడు. 2008లో రిపబ్లికన్ గింగ్రిచ్, డెమొక్రాట్ పెలోసీ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని దీని మీద టీవీ ప్రకటన చేశారు, మూడేళ్లు తిరిగేసరికి తాను చేసిన తెలివితక్కువ పని అదేనని గింగ్రిచ్ లెంపలేసుకున్నాడు. 2010లో సౌత్ కరోలినా రిపబ్లికన్ బాబ్ ఇంగ్లిస్ వాతావరణ మార్పు నిజమేనన్నందుకు సొంత పార్టీ ప్రైమరీలోనే (అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఎన్నికలో) ఓడాడు (బ్యాంకుల బెయిలవుట్‌కి ఓటేసిన కోపం కూడా తోడైందనుకోండి). ఇక 2015 ఫిబ్రవరిలో రిపబ్లికన్ సెనేటర్ ఇన్‌హాఫ్ ప్లాస్టిక్ సంచిలోంచి మంచు ముద్ద తీసి, బయట ఎంత చలిగా ఉందో చూడండంటూ సెనేట్‌లోనే విసిరాడు. ఆయన అప్పుడు పర్యావరణ కమిటీ ఛైర్మన్, నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఖర్చెవరిది:
తప్పంతా ఒక పార్టీ మీదకి నెట్టేయకండి. 1997లో, వర్ధమాన దేశాలకి పరిమితులు లేని ఒప్పందం మాకొద్దని సెనేట్ 95-0తో తీర్మానించింది, అంటే డెమొక్రాట్లు కూడా. డబ్బు దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకటే. 2018లో ఫ్రాన్స్‌లో పసుపు చొక్కాల వాళ్లు రోడ్డెక్కింది సైన్సుని కాదనడానికా? ఇంధనం మీద పన్ను పెంచుతామన్నారు, కారు లేకపోతే పనికి వెళ్లలేనివాడికి మండింది, అంతే. అటు చూస్తే రిపబ్లికన్ల కంచుకోట టెక్సాస్ గాలి కరెంటులో అమెరికాలోనే మొదటి స్థానంలో ఉంది. భూమి ఇచ్చినందుకు అద్దె వస్తుంటే గాలిమర పెట్టనివ్వడానికి భూతాపాన్ని నమ్మాల్సిన పని లేదు.

చదువరి77:
మరి బాగా చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు వినరు? ఒకాయనకి గ్రాఫ్ చూపిస్తే ఇంకా గట్టిగా వాదించాడు.

పాతపేపర్లు:
యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డాన్ కహాన్ వాళ్ల 2012 అధ్యయనంలో తేలింది సరిగ్గా అదే. సైన్సు, లెక్కలు బాగా వచ్చినవాళ్లలోనే రెండు పక్షాల మధ్య దూరం ఇంకా ఎక్కువ. తెలివంతా తన వాళ్ల మాట నెగ్గించడానికే ఖర్చయిపోతుంది. ఆయన నమ్మే మనిషి ఎవరైనా చెబితే వింటాడేమో గానీ, మీ గ్రాఫ్‌తో పనవదు.

చదువరి77:
సరే. ఆ సోఫా ప్రకటన ఇప్పుడే చూశాను, ఇద్దరూ ఎంత ఇబ్బందిగా నవ్వారో!